ఉండిపొమ్మన్న హనుమాయమ్మ

కర్ణాటకలో రాయచూరు జిల్లా ముదగల్ బస్టాండుకు ఎదురుగా పెసరట్లు వేసే హనుమాయమ్మ ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు కాపురం చేసి కూడా ఒక్కసారైనా కోటలోకి వెళ్లలేదు. కోట ఎక్కడికీ పోదు కదా, రేపు చూడొచ్చులే అనుకునేది. పొద్దున్నే పిండి రుబ్బుకోవాలి, మధ్యాహ్నం గిన్నెలు తోముకోవాలి, సాయంత్రం మళ్లీ పొయ్యి వెలిగించాలి. కోట చూసే తీరిక బస్సుల్లో వచ్చే బడిపిల్లలకే ఉండేది.

ఆమె పుట్టింది సింధనూరు తాలూకా గోరేబాళలో. తండ్రి చెంచయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద పొలం కొనుక్కున్నవాడు. వరిచేల మధ్య పెరిగిన పిల్లకు ఈ రాళ్లగుట్టల ఊరు నచ్చే అవకాశమే లేదు. భర్త బాపయ్య మోటార్ల మెకానిక్కు. ముదగల్ పక్కన ఎవరివో బోరు మోటార్లు కాలిపోయాయంటే, నాలుగు రోజుల పని, చూసుకుని వెళ్లిపోదామని చెప్పి కొత్త పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ చుట్టుపక్కల మోటార్లు కాలిపోవడం ఎప్పటికీ ఆగలేదు. ఉగాది వెళ్లనీ అనేవాడు, ఉగాది వెళితే దసరా వెళ్లనీ అనేవాడు. ఒక దసరాకు ముందు ఆయనే గుండెపోటుతో వెళ్లిపోయాడు. పిల్లలు లేరు. గోరేబాళలో తమ్ముడు రమేష్‌బాబు ఉన్నాడు గానీ, ఉత్త చేతులతో పుట్టింటి గడప ఎక్కడం హనుమాయమ్మకు ఇష్టం లేకపోయింది. పెనం దగ్గరే నిలబడింది.

ఊళ్లో జనం పల్చబడుతున్నారని అందరికంటే ముందు కనిపెట్టినవాడు లోకనాథ్. స్టీలు సామాను కొట్టు ఆయనది. తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. లింగసుగూరు రోడ్డులో ఒక చేను కొని, రాళ్లు పాతి, కమాను కట్టి, లేఅవుటు అని పేరు పెట్టాడు. అక్కడ అంతవరకు కాపురం పెట్టినవి మేకలు మాత్రమే. ఊరి భవిష్యత్తు గురించిన దిగులు కూడా ఆయనకు సరిగ్గా అప్పుడే పట్టుకుంది. నలుగురు షావుకార్లను కూడగట్టి ఒక అభివృద్ధి సమితి పెట్టాడు. సమితి బెంగళూరు నుంచి విశాల్ అనే కుర్ర నిపుణుణ్ణి పిలిపించింది.

విశాల్ టూరిజం ప్రచారాలు చేసేవాడు. తల్లిది నెల్లూరు కావడంతో తెలుగు బాగానే వచ్చు. కోట చూసి, చెమట తుడుచుకుని, సమితికి తన ఆలోచన చెప్పాడు.

"టూరిస్టు వచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోతే మనకేం లాభం సార్? అతన్ని కాబోయే ఊరివాడిలా చూడాలి. బెంగళూరులో జనం ట్రాఫిక్కులో చచ్చిపోతున్నారు. వాళ్ల ఉద్యోగం కంప్యూటర్లో ఉంటుంది, ఎక్కడ కూర్చున్నా చేసుకోవచ్చు. మీకు కోట ఉంది, ఆకాశం ఉంది. ఇంక కావలసింది ఆప్యాయంగా పిలిచే ఒక పొరుగావిడ."

"ఒచ్చి చూస్తరు, బాగుందంటరు, పోతరు. గిప్పటిదాంక గదే నడుస్తున్నది," అన్నాడు లోకనాథ్.

"చూడ్డానికి రండి, ఉండిపోండి అని పిలుద్దాం సార్," అన్నాడు విశాల్. సమితికి ఆ మాట ఎంత నచ్చిందంటే, దాన్ని అప్పటికప్పుడే తీర్మానం చేశారు.

పొరుగావిడ కోసం వెతికితే, కెమెరా చూడగానే ఆడవాళ్లంతా తలుపులు వేసుకున్నారు. హనుమాయమ్మకు మాత్రం పెనం మీద అట్టు ఉంది, వదిలి పారిపోలేకపోయింది. అలా దొరికింది.

మర్నాడు ఆమెకు కొత్త చీర కట్టించి కోట బురుజు ఎక్కించారు. పైకి చేరేసరికి ఆయాసం వచ్చింది. ఊరంతా కాళ్ల కింద పరుచుకుని ఉంది. బస్టాండు, దానికెదురుగా తన హోటలు రేకుల కప్పు, దాని మీద తను ఎప్పుడో ఆరేసి మరిచిపోయిన గోనెసంచి కనిపించాయి. ఇంత చిన్నదా, ఇందులోనా ఇన్నేళ్లూ తిరిగాను అనుకుంది.

"ఈ ఊరికి ఎలా వచ్చారో చెప్పండమ్మా. నాతో మాట్లాడినట్టే మాట్లాడండి," అన్నాడు విశాల్.

"ఎలా రావడమేంటి బాబూ, బస్సులోనే వచ్చాను. నాలుగు రోజులుండి వెళ్లిపోదామన్నారు మా ఆయన. ముప్పై ఏళ్లయిపోయింది. ఎప్పుడడిగినా ఇంకొన్నాళ్లు, ఇంకొన్నాళ్లు అనేవారు. ఆయన పోయారు. నేను ఇక్కడే ఉండిపోయాను. ఇంకెక్కడికెళ్తాను?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సరిగ్గా అప్పుడే బురుజు గోడ మీది నుంచి ఒక కోతి దూకి లోకనాథ్ చలవకళ్లద్దాలు లాక్కుని తన కళ్లకు పెట్టుకోబోయింది. లోకనాథ్ దాని వెంటపడ్డాడు. హనుమాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అదీ చాలక, పగలబడి నవ్వింది. బాపయ్య పోయాక ఆమె అంతలా నవ్వడం అదే మొదలు. చివర్లో విశాల్ నేర్పినట్టు "చూడ్డానికి రండి, ఉండిపోండి" అని చెప్పి కిందికి దిగింది.

వీడియో తయారై వచ్చాక లోకనాథ్ కొట్లో అందరూ కూర్చుని చూశారు. తెరమీద సూర్యోదయం, కోట, వేణువు పాట. హనుమాయమ్మ మొహం వచ్చింది. "నాలుగు రోజులుండి వెళ్లిపోదామన్నారు... ముప్పై ఏళ్లయిపోయింది... ఇక్కడే ఉండిపోయాను... ఇంకెక్కడికెళ్తాను?" వెంటనే ఆ నవ్వు. బాపయ్య ఎక్కడా లేడు. కోతీ లేదు. వెళ్లిపోదామన్నది ఎవరో టూరిస్టులైనట్టూ, ఊరి అందానికి ముచ్చటపడి ఈమె ఆగిపోయినట్టూ ఉంది. కన్నడంలో చేసిన వీడియోలో అయితే ఆమెకు ఇరవై ఏళ్ల అమ్మాయి గొంతు పెట్టారు.

"నేను ఏడవబోతూ అన్న మాట నవ్వుతూ అన్నట్టు ఎలా అయింది బాబూ?" అని అడిగింది.

"మా పనే అది అమ్మా," అన్నాడు విశాల్, చాలా వినయంగా.

వీడియో ఊహించనంత దూరం పాకింది. బస్టాండు ముందు ఆమె బొమ్మతో పెద్ద హోర్డింగు లేచింది. చలికాలం శని, ఆదివారాల్లో కార్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు కోట చూసేవాళ్లు, హనుమాయమ్మతో ఫొటో దిగేవాళ్లు, అల్లం పచ్చడి రెండోసారి వేయించుకునేవాళ్లు.

"నిజంగా ఉండిపోయారా ఆంటీ? ఎందుకు?" అని అడిగేవాళ్లు.

మొదట్లో ఆమె ఉన్నదున్నట్టు మోటార్ల సంగతి చెప్పేది. ఒకరోజు లోకనాథ్ పక్కకు పిలిచాడు.

"ఏందమ్మా, మోటార్లు కాలిపోయినయి, మొగుడు సచ్చిపోయిండు అంటే ఎవడన్న సైటు తీసుకుంటడా? జెర నవ్వు. ఊరి ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

ఆ తర్వాత ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వు చూసి వాళ్లే ఒక అర్థం చెప్పుకునేవాళ్లు. లోకనాథ్ వాళ్లను హోటలు నుంచి నేరుగా లేఅవుటుకు తీసుకెళ్లేవాడు. మేకలతో కూడా ఫొటోలు దిగి, చీకటి పడకముందే ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. ఇంట్లో అలంకారానికి బాగుంటుందని ఒకాయన హద్దురాయి కూడా కార్లో వేసుకుని పోయాడు.

మాఘమాసంలో ఒక పొద్దున బస్టాండు ముందు చిన్న లారీ ఆగింది. అందులో మంచం, బీరువా, కుట్టుమిషను ఉన్నాయి. డ్రైవరు పక్క నుంచి అరవై దాటిన సన్నటి మనిషి దిగి, హోర్డింగు మీది మొహాన్నీ పెనం ముందున్న మొహాన్నీ పోల్చి చూసుకుంది.

"నువ్వేనా? ఉండిపోండి అన్నవు గద. ఒచ్చిన," అంది.

ఆమె పేరు సత్యభామ. రాయచూరు బజారులో బట్టల కొట్టున్న తెలుగు కుటుంబం. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా ఇతరులు మాట్లాడుకోవడానికి లైన్లు కలుపుతూ, అన్నదమ్ముల కొట్టు మీది ఒక్క గదిలో గడిపింది. ఇప్పుడు కోట వీధిలో లోకనాథ్‌దే ఒక మేడ గది బాడిగకు మాట్లాడుకుని సామానుతో సహా దిగింది.

ప్రచారం మొదలయ్యాక ఊరికి దొరికిన మొదటి కొత్త మనిషి ఆమె. సమితి సంబరపడిపోవలసింది. కానీ విశాల్ ఫోన్లోనే నీరసపడ్డాడు.

"రాయచూరంటే ఇదే జిల్లా కదా సార్! పక్క గదిలోంచి ఈ గదిలోకి వచ్చినట్టు. బయటినుంచి వచ్చారని ఎలా చెప్పుకుంటాం? పైగా పెన్షనరు."

దాంతో సత్యభామ ఊళ్లో ఉంది గానీ సమితి లెక్కలో లేదు.

ఆ సంగతి ఆమెకు తెలియదు, తెలిసినా పట్టించుకునే మనిషి కాదు. వచ్చిన వారానికే పొద్దున్నే హోటలు ముందు బల్ల మీద కూర్చుని ఫోన్లో వీడియో పెట్టింది. కొండల మధ్య స్వచ్ఛమైన నీళ్లు అని వినిపించగానే ఆపింది.

"ఏందమ్మా ఇది? స్వచ్ఛమైన నీళ్లంటివి. నా మేడ మీద తొట్టికి మూతనే లేదు. కోతులు అండ్ల తానం చేస్తున్నయి. నల్లి తిప్పితే గవే నీళ్లు ఒస్తున్నయి."

"ఆ మాట నేననలేదండీ. అది వేరే ఎవరిదో గొంతు."

"బొమ్మ నీదే గద!"

హనుమాయమ్మ పెనం మీది అట్టు తిరగేసింది. మధ్యాహ్నం పొయ్యి ఆర్పి లోకనాథ్ కొట్టుకు వెళ్లింది. ముప్పై ఏళ్లలో తన కోసం ఎవరినీ ఏమీ అడగని మనిషి, గిన్నెల వరసల మధ్య నిలబడి తొట్టి మూత గురించి అడిగింది. లోకనాథ్ చూస్తానన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లింది. ఎండాకాలం పోనీ అన్నాడు. ఆ మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది.

"ఇలా వాయిదాలేసే మాటలు నేను చాలా విన్నాను లోకనాథ్ గారూ. నా బొమ్మ చూసి వచ్చిందావిడ. నా బొమ్మ కోతులు స్నానం చేసిన నీళ్లు తాగిస్తోంది."

లోకనాథ్ తల ఊపాడు. మూత మాత్రం రాలేదు. అప్పటి నుంచి సత్యభామ రోజూ నీళ్లు హోటలు నుంచే బిందెతో పట్టుకెళ్లేది. పట్టుకెళ్లేముందు ఒక ఇడ్లీ తిని, సాంబారులో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో చెప్పేది. వెళుతూ ఆ రోజు ఇంకేం చెడిపోయిందో చెప్పేది. హనుమాయమ్మకు చిరాగ్గా ఉండేది. ఆమె రాని రోజు మాత్రం, రెండు వాయలు వేసేలోపు నాలుగుసార్లు కోట వీధి వైపు చూసేది.

సమితి ఆశలన్నీ సంజన మీద ఉన్నాయి. బెంగళూరులో కంప్యూటరు కంపెనీలో పనిచేసే సంజన, భర్తతో కలిసి లేఅవుటులోని నమూనా ఇంట్లో ఒక నెల ఉండి చూస్తామని వచ్చింది. చుట్టూ గుట్టలు కావడంతో ఇంట్లో సిగ్నలు అందేది కాదు. ఆ పిల్ల ఆఫీసు మీటింగులకు గొడుగు పట్టుకుని నీళ్ల ట్యాంకు ఎక్కేది. ఊరు అద్భుతంగా ఉందని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. అది విని లోకనాథ్, ఉగాది దాటాక పెద్ద సభ పెట్టి "మొదటి కొత్త ఊరివాళ్లు" అంటూ వాళ్లకు శాలువా కప్పాలని నిర్ణయించాడు. షామియానా వేయించాడు, నలుగురు పెద్దమనుషులను పిలిచాడు, విశాల్ కెమెరాలతో దిగాడు.

సభ రోజు పొద్దున సంజన హోటలుకు వచ్చి పెసరట్టు పార్సెలు కట్టించుకుంది. "ఊరు చాలా మిస్సవుతాం ఆంటీ," అని కౌగిలించుకుని కారెక్కింది. ఎండలు తట్టుకోలేకపోతున్నామని లోకనాథ్‌కు దారిలోంచి మెసేజి పెట్టింది.

శాలువా ఉంది, పూలదండ ఉంది, కప్పించుకునే మనిషి లేడు. వేదిక మీద పెద్దమనుషులు గడియారాలు చూసుకుంటున్నారు. లోకనాథ్ జనంలోకి చూశాడు. ముందు వరసలో, కొంగుతో విసురుకుంటూ సత్యభామ కూర్చుని ఉంది.

"ఈ పూట మాత్రం రాయచూరు వేరే జిల్లా అనుకుందాం సార్," అని గొణిగాడు విశాల్.

సత్యభామకు దండ వేసి, శాలువా కప్పి, రెండు ముక్కలు చెప్పమని మైకు ఇచ్చారు. ఎక్స్ఛేంజీలో పనిచేసిన గొంతు కదా, షామియానా చివరి దాకా స్పష్టంగా వినిపించింది.

"అందరికి నమస్కారం. ఊరు మంచిగున్నది. కోట మంచిగున్నది. నా తొట్టికి మూత లేదు. కోతులు దిగుతున్నయి. బాడిగ తీసుకునేటాయన ఈడనే కూర్చున్నడు. మూత ఎప్పుడు పెట్టిస్తడో మీ అందరి ముందర చెప్పుమనుర్రి."

జనం గొల్లుమన్నారు. లోకనాథ్ ఎర్రబడ్డ మొహంతో లేచి, రేపే అన్నాడు. నిజంగానే మర్నాడు మూత వచ్చింది. ఆ ప్రచారం మొత్తంలో ఊరికి కచ్చితంగా ఒనగూడిన అభివృద్ధి అదే.

నవ్వులు అణగకముందే విశాల్ సభను దారిలో పెట్టాలని హనుమాయమ్మను పిలిచాడు. ఊరి ముద్దుబిడ్డ అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆమె మైకు అందుకుంది. తమ్ముడు రమేష్‌బాబు నెల నుంచి ఫోను చేస్తున్నాడు. గోరేబాళ దగ్గర సింధనూరు రోడ్డు మీద షెడ్డు వేశాడట. అక్క వీడియో చూసి రైసుమిల్లుల వాళ్లు, లారీ డ్రైవర్లు అడుగుతున్నారట. ఇప్పుడు తను వెళితే ఎవరి దయకో వెళ్లినట్టు కాదు, వాళ్లే పిలిస్తే వెళ్లినట్టు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

"అందరూ నన్ను చల్లగా చూశారండీ. వచ్చే నెలలో నేను గోరేబాళ వెళ్లిపోతున్నాను. అక్కడ హోటలు పెట్టుకుంటాను. మీరంతా ఇక్కడే ఉండండి," అని నమస్కారం పెట్టింది.

పెద్దమనుషులు లోకనాథ్ వైపు తిరిగారు. తర్వాత అలవాటు కొద్దీ విశాల్ చప్పట్లు కొట్టాడు. అది చూసి సభంతా కొట్టింది.

సత్యభామ మాత్రం కొట్టలేదు. మర్నాడు బిందె లేకుండా వచ్చి బల్ల మీద కూర్చుంది. ఇడ్లీ పెడితే ముట్టుకోలేదు.

"నువ్వు పిలిస్తివని వొస్తి. నువ్వే పోతవా?"

"అది ప్రచారం అక్కా. డబ్బులిచ్చి చేయించుకున్న సినిమా. అందరికీ చెప్పిన మాట అది."

"అందరికి చెప్పినవని నాకు ఎర్కలేదా? అండ్ల నాకు గూడ చెప్పినవు గద." సత్యభామ గోడవైపు చూస్తూ అంది. "కొట్టు మీద అన్నేండ్లు ఉంటి. ఉండు అని ఒక్కలు అనలే, పో అని గూడ అనలే. ఫోన్ల నువ్వు నవ్వుకుంట ఉండిపోండి అంటివి. అబద్ధమైతే అబద్ధం. ఎవరో ఒకలు అన్నరు గద అనుకుంటి."

హనుమాయమ్మ పెనం దగ్గర నుంచి వచ్చి పక్కన కూర్చుంది. పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చినా లేవలేదు.

"ఆ నవ్వు కోతిని చూసి నవ్విందక్కా," అని బురుజు మీద జరిగిందంతా చెప్పింది. సత్యభామ మొహం బిగించుకుని విన్నది. లోకనాథ్ చలవకళ్లద్దాల దగ్గరకు వచ్చేసరికి ఆపుకోలేక నవ్వేసింది.

"పోనీ, నాతో వచ్చేయకూడదూ? గోరేబాళలో కాలవ నీళ్లు, చెట్లూ..."

"నేను రాను. ఇప్పుడే మూత పెట్టించుకున్న," అంది సత్యభామ, ఇడ్లీ దగ్గరకు లాక్కుంటూ.

వైశాఖంలో హనుమాయమ్మ పెనాలూ గిన్నెలూ సర్దుకుని వెళ్లిపోయింది. రెండో కోతలు అయిపోయి గోరేబాళ రోడ్డంతా ధాన్యం లారీలే. బేరం ముదగల్ కంటే బాగుంది. అయితే ఇక్కడివాళ్లకు తినేసి పరుగెత్తడమే గానీ, ఉప్పు ఎక్కువైందని చెప్పే తీరిక ఎవరికీ లేదు. ముదగల్‌లో హోర్డింగు అలాగే ఉంది. అది చూసి ఈవిడ ఎక్కడ అని అడిగినవాళ్లకు పక్కన బజ్జీలు వేసే శరణబసవ, ఊరొదిలి పోయిందని నిజాయితీగా చెప్పేవాడు. లోకనాథ్ ఫోను చేసి, నెలకోసారైనా వచ్చి కోట ముందు నిలబడమని బతిమాలాడు. హనుమాయమ్మ దసరా వెళ్లనీయండి అంది.

రోజూ పొద్దున ఫోను చేసేది సత్యభామే. అందరికీ లైన్లు కలిపిన మనిషికి ఇన్నేళ్లకు తను మాట్లాడుకోవడానికి ఒక నెంబరు దొరికింది. పక్కింట్లోకి ఎవరో నర్సు వచ్చిందని, ఆమెకు ఏ అంగట్లో ఏం కొనాలో తనే చూపించానని, కోట వీధి మెట్ల దగ్గర జారుతోందని చెప్పేది. ఊరి గురించి చెప్పేటప్పుడు "మా ఊర్ల" అనేది. ముప్పై ఏళ్లలో ఆ మాట తన నోట ఎన్నిసార్లు వచ్చిందో హనుమాయమ్మకు గుర్తు రాలేదు.

"పీర్ల పండుగకు రా. మా ఊర్ల మొహర్రం ఎట్లుంటదో చూద్దువు," అంది ఒకరోజు.

హనుమాయమ్మకు నవ్వొచ్చింది. మొహర్రం రోజుల్లో ఆమె ఎప్పుడూ పెనం వైపే చూసింది. ఊరు నిండిపోయేది, అట్లు అయిపోయేవి, అంతే. ఈసారి షెడ్డు తమ్ముడికి అప్పగించి, చేతిసంచితో బస్సెక్కింది. ముదగల్‌లో దిగేసరికి చుట్టుపక్కల జిల్లాల జనమంతా అక్కడే ఉన్నారు. ఆ తొక్కిసలాటలో హోర్డింగు కిందనుంచే నడిచివెళ్లినా ఎవరూ గుర్తుపట్టలేదు. పీర్లు ఎదురెదురుగా వచ్చి కలుసుకునే చోట సత్యభామ ఆమె చెయ్యి పట్టుకుని, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ ముందు వరసలో నిలబెట్టింది. డప్పుల మోతకు గుండె అదిరింది. హనుమాయమ్మ కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడిందంది. సత్యభామ తన కొంగు అందించింది.

తర్వాత ఇద్దరూ కోట వీధి ఇంటికి వచ్చారు. సత్యభామ టీ పెట్టింది. నీళ్లలా ఉంది. హనుమాయమ్మ వంక పెట్టకుండా తాగింది. అంతలో మెట్ల కింద నుంచి ఎవరో పిలిచారు. భార్యాభర్తలు, చేతిలో పెట్టెలు. హైదరాబాదు నుంచట. వీడియో చూసి వచ్చారట, ఊరు చాలా నచ్చిందట, ఒక గది దొరికితే కొన్నాళ్లు ఉండి చూస్తారట. లాడ్జీలన్నీ నిండిపోయాయట.

హనుమాయమ్మ లేవబోయింది. సత్యభామ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే పిట్టగోడ మీదికి వంగింది.

"రూములు లెవ్వు. ఊరంత నిండింది. ఊకెనే పరేషాన్ కాకుండ ఆరుగంటల బస్సుకు పోర్రి," అని చెప్పి, లోపలికి వచ్చి తలుపు వేసింది. "గిట్ల ఎవరు వడితే వాళ్లు ఒస్తే నీళ్లు సాలుతయా మాకు?" అంటూ గ్లాసులు తీసింది.

హనుమాయమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి, ఈసారి టీ తను పెడతానంది.